ఆరు పాడాలా, నాలుగుతో ఆగాలా?

బ్రిడ్జిలో చాలా పాటలు అలవాటు మీద సాగిపోతాయి. ఎంత చేయి తిరిగినవాళ్లయినా కాసేపు ఆగి ఆలోచించే చోటు ఒకటుంది. నాలుగు ఇస్పేట్లు ఖాయంగా వస్తాయని తెలుసు. ఆరు కూడా రావచ్చేమోనని మనసు లాగుతుంటుంది. పైకి వెళ్లి తెస్తే పెద్ద బోనస్. ఒక్క ట్రిక్కు తగ్గితే ఆ బోనసూ రాదు, ఖాయంగా రావాల్సిన నాలుగు ఇస్పేట్ల లాభమూ పోతుంది. అక్కడ కొందరు భయపడి ఆగిపోతారు, కొందరు హుషారుగా దూకుతారు. నిజానికి అక్కడ వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది, అది కూడికలు, తీసివేతలు వచ్చిన ఎవరికైనా అందుతుంది.

ఆట తెలియనివారి కోసం ముందు నాలుగు మాటలు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. 52 ముక్కలు నలుగురికీ పంచితే తలా 13. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక ట్రిక్కు, మొత్తం 13 ట్రిక్కులు. ఆడే ముందు పాట జరుగుతుంది: ఏ రంగు తురుపుగా ఎన్ని ట్రిక్కులు తెస్తామో రెండు జోడీలూ పోటీపడి పాడతాయి. పాడిన అంకెకు ఆరు కలుపుకోవాలి. నాలుగు ఇస్పేట్లు అంటే 10 ట్రిక్కులు, ఇది గేమ్. ఆరు ఇస్పేట్లు అంటే 12, చిన్న స్లామ్. ఏడంటే 13కి 13, గ్రాండ్ స్లామ్.

ఇందులో చిక్కంతా ‘పాడి తేవాలి’ అన్న షరతులో ఉంది. అంతకుముందు ఆడుతూ వచ్చిన ఆక్షన్ బ్రిడ్జిలో 12 ట్రిక్కులు వస్తే చాలు, ముందుగా పాడినా పాడకపోయినా స్లామ్ బోనస్ దక్కేది. అలాంటప్పుడు పైకి వెళ్లి మెడ మీదకు తెచ్చుకునే అవసరం ఎవరికి? 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ శ్రీమంతుడు, పనామా కాలువ మీదుగా హవానా వెళ్లే ‘ఫిన్‌లాండ్’ ఓడలో స్నేహితులతో ఆడుతూ కొత్త లెక్కల పట్టికను పరీక్షించాడు. పాడినదానికే బోనస్, పాడి తేలేకపోతే జరిమానా. కాంట్రాక్ట్ బ్రిడ్జి అలా నిలదొక్కుకుంది. ఈ వ్యాసంలో మనం తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న కూడా ఆ పట్టిక పెట్టిన చిచ్చే.

పట్టికలో మనకు కావలసినంత వరకు చూద్దాం. ఇస్పేటు తురుపైతే, ఆరు పైన వచ్చే ఒక్కో ట్రిక్కుకు 30. గేమ్ పాడి తెస్తే 300 బోనస్, చిన్న స్లామ్‌కు దానిపైన మరో 500, గ్రాండ్‌కైతే ఆ 500 బదులు 1000. జోడీ ‘వల్నరబుల్’ అయితే ఈ మూడూ 500, 750, 1500 అవుతాయి, ఓడినప్పుడు ట్రిక్కుకు 50 పోయేది కాస్తా 100 పోతుంది. ఎవరు ఎప్పుడు వల్నరబుల్ అన్నది పోటీల్లో బోర్డు మీదే రాసి ఉంటుంది.

జట్ల పోటీలో అవే ముక్కలు రెండు బల్లల మీద ఆడతారు. ఒక బల్ల మీద మన జట్టు జోడీ కూర్చున్న దిక్కులోనే రెండో బల్ల మీద ఎదుటి జట్టు జోడీ కూర్చుంటుంది. వాళ్లు నాలుగు ఇస్పేట్ల దగ్గర ఆగారు, మనం ఆరు పాడాం అనుకుందాం. ఎవరూ వల్నరబుల్ కాదు. 12 ట్రిక్కులు వస్తే మనకు 980, వాళ్లకు 480. తేడా 500. పదకొండే వస్తే వాళ్లకు 450, మనకు మైనస్ 50. తేడా మళ్లీ 500. ఈ తేడాను పట్టిక ప్రకారం ఐఎంపీలు అనే పాయింట్లలోకి మారుస్తారు. 500కు 11 వస్తాయి. గెలిస్తే 11, ఓడితే 11. వల్నరబుల్ అయితే తేడా రెండు వైపులా 750, అంటే 13కు 13.

దీని అర్థం తేలికే. చిన్న స్లామ్ వచ్చే అవకాశం సగానికి పైన ఉంటే పాడాలి, సగానికి కింద ఉంటే ఆగాలి. నూటికి తొంభై వంతులు ఖాయమైతే తప్ప పాడననే జాగ్రత్తపరుడు ఏళ్ల తరబడి పోగొట్టుకుంటూనే ఉంటాడు. ఆ నష్టం ఆయనకు కనబడదు, ఎందుకంటే రాసుకున్న కాగితం మీద ప్రతిసారీ 480 అని ప్లస్సే ఉంటుంది.

మరి సగం అవకాశం ముక్కల్లో ఎలా ఉంటుంది? మన ఆసు, రాణి ఒక చేతిలో, రాజు బయట. ఆ రాజు కుడివైపు ఉందా ఎడమవైపు ఉందా అన్నదాని మీద ఆధారపడి ఆడే ఎత్తు ఫినెస్. అది సరిగ్గా 50 శాతం. ఒక రంగులో ప్రత్యర్థుల దగ్గర అయిదు ముక్కలుంటే అవి మూడు, రెండుగా పంచుకుని ఉండే అవకాశం 68. నాలుగు ముక్కలుంటే రెండు, రెండుగా ఉండేది 40 మాత్రమే. రెండు ఫినెస్‌లలో ఏ ఒక్కటి పలికినా చాలంటే 75, రెండూ పలకాలంటే 25. ఒక ఫినెస్ పలకాలి, దానికి తోడు ఒక రంగు 3-2గా ఉండాలి అంటే 34 దాకా పడిపోతుంది. అది స్లామ్ కాదు, ఆశ. పాట మధ్యలో ఇంత కచ్చితంగా లెక్కించడం ఎవరివల్లా కాదు. కానీ ‘ఒక్క ఫినెస్ మీద నిలిచే స్లామ్ పరవాలేదు, ఫినెస్‌తో పాటు ఇంకోటి కూడా కలిసిరావాలంటే వద్దు’ అన్నంత తూకం బల్ల దగ్గర ఎవరైనా వేయగలరు.

పంచినప్పుడు రాజు ఎటు పడింది అన్నది మన చేతిలో లేదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1967లో వచ్చిన తీర్పు ఈ మాటనే పట్టుకుంది. రమ్మీలో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని, అంతమాత్రాన అది జూదం కాదని, నైపుణ్యానిదే పైచేయి అని కోర్టు తేల్చింది. స్లామ్ పాటలో ఆ నైపుణ్యం ఎక్కడుందో చూడాలంటే రెండు చేతులను పక్కపక్కన పరచాలి.

ముందు ముక్కల విలువ. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తం మీద 40. మిల్టన్ వర్క్ పేరుతో ఉన్న ఈ లెక్కను చార్లెస్ గోరెన్ ఇంటింటికీ చేర్చాడు. మీ చేతిలో ఇవి ఉన్నాయనుకోండి: ఇస్పేటులో ఆసు, రాజు, 8, 6, 3; ఆఠీన్లో ఆసు, 7; డైమన్లో 8, 5, 4; కళావరులో రాజు, రాణి, 6. మొత్తం 16 పాయింట్లు. ఎదుట మీ జోడీ చేతిలో: ఇస్పేటు రాణి, జాకీ, 7, 4, ఆఠీన్ రాజు, 9, 5, 2, డైమన్ 3 ఒంటి ముక్క, కళావరు ఆసు, జాకీ, 8, 3. అవి 11. రెండూ కలిపి 27. స్లామ్‌కు ముప్పై దాటాలని నేర్చుకున్నవారు 27తో ఆ ఊసే ఎత్తరు.

ట్రిక్కులు లెక్కపెట్టి చూడండి. ఇస్పేట్లు 5, ఆఠీన్లు 2, కళావర్లు 4. పదకొండు. డైమన్లో ఒకటి పోతుంది, ఆ తర్వాత జోడీ చేతిలో డైమన్లు లేవు కాబట్టి రెండో డైమన్‌ను అక్కడి చిన్న తురుపుతో కొట్టవచ్చు. పన్నెండు. ఫినెస్ లేదు, తురుపులు ఎలా పంచుకుని ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. కళ్లు మూసుకుని పాడదగ్గ స్లామ్.

ఇప్పుడు మీ చేతిలో డైమన్లను, కళావర్లను తారుమారు చేద్దాం. డైమన్ రాజు, రాణి, 6. కళావరు 8, 5, 4. మిగతావి అవే. పాయింట్లు అవే 16, ఇద్దరికీ కలిపి అవే 27. కానీ డైమన్ ఆసు ప్రత్యర్థులకు ఒక ట్రిక్కు ఇస్తుంది. కళావరులో రాజు, రాణి రెండూ వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఎంత కలిసొచ్చినా అక్కడ ఒకటి పోకతప్పదు. డైమన్ రాణి మీద జోడీ చేతిలోని ఒక కళావరును పారేసినా ఆ ఒకటి మిగిలే ఉంటుంది. పన్నెండు ట్రిక్కులు దాదాపు అసాధ్యం. డైమన్లో ఉన్న అయిదు పాయింట్లు, ఒంటి ముక్కకు ఎదురుగా కూర్చుని ఊరకే పోయాయి.

స్లామ్ గురించి ఒక్క మాటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. పాయింట్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎక్కడ ఉన్నాయన్నది అడగాలి. జోడీ దగ్గర ఒక రంగు ఒంటి ముక్కగానో అసలు లేకుండానో ఉంటే, ఆ రంగులో మీ చేతిలో ఏమీ లేకపోవడమే భాగ్యం. ఆసు ఉన్నా మంచిదే. రాజు, రాణి ఉంటే మాత్రం అవి దండగ ముక్కలు. ఈ సంగతి పాటలోనే తెలుసుకోవడానికి స్ప్లింటర్ అనే పద్ధతి ఉంది. మీరు ఒక ఇస్పేటు పాడాక జోడీ ఏకంగా నాలుగు డైమన్లు అంటే, ‘నాకు నాలుగు ఇస్పేట్లున్నాయి, గేమ్ ఖాయం, డైమన్ ఒంటి ముక్కే లేదా అదీ లేదు’ అని అర్థం. మొదటి చేతితో అది వినగానే ముఖం వెలగాలి. రెండో చేతితో అయితే నాలుగు ఇస్పేట్లు పాడి ఆగిపోవాలి. ఒకే మాటకు రెండు జవాబులు, పాయింట్లు మాత్రం ఒకటే.

తురుపు లేకుండా ఆడే నో ట్రంప్‌లో సంగతి వేరు. తురుపుతో కొట్టడం ఉండదు కాబట్టి, రెండు చేతులూ సమంగా ఉంటే అక్కడ పాయింట్ల లెక్క బాగానే పనిచేస్తుంది. చిన్న స్లామ్‌కు 33, గ్రాండ్‌కు 37 అనే వాడుక నిబంధన వెనక కారణం ఉంది. మనకు 33 ఉంటే వాళ్లకు మిగిలేది 7, అందులో రెండు ఆసులు ఇమడవు. 37 ఉంటే వాళ్లకు 3, ఒక్క ఆసూ ఇమడదు. అయితే ఆ ఏడూ ఒకే రంగు ఆసు, రాజు కావచ్చు. నిబంధన దాన్ని ఆపలేదు.

ఇక బ్లాక్‌వుడ్. ఇండియానాపొలిస్‌లో బీమా కంపెనీలో పనిచేసిన ఈస్లీ బ్లాక్‌వుడ్ 1930లలో రూపొందించిన ఈ పద్ధతి బహుశా బ్రిడ్జిలో అందరికీ తెలిసినది, అందరూ తప్పుగా వాడేది కూడా. తురుపు కుదిరాక నాలుగు నో ట్రంప్ అంటే ‘ఎన్ని ఆసులున్నాయి?’ అని ప్రశ్న. అయిదు కళావర్లు అంటే ఏమీ లేవు లేదా నాలుగూ ఉన్నాయి, అయిదు డైమన్లు ఒకటి, అయిదు ఆఠీన్లు రెండు, అయిదు ఇస్పేట్లు మూడు. తర్వాతి కాలంలో తురుపు రాజును అయిదో ఆసుగా లెక్కపెట్టే కీ కార్డ్ పద్ధతి వచ్చింది, పోటీల్లో ఇప్పుడు ఎక్కువగా అదే.

ఈ ప్రశ్నకు జవాబు ఏం చెబుతుంది? ప్రత్యర్థుల దగ్గర రెండు ఆసులు లేవని చెబుతుంది. అంతే. మనకు 12 ట్రిక్కులు ఉన్నాయో లేదో అది చెప్పదు. ఊరికి బయల్దేరే ముందు గ్యాస్ కట్టేశామా లేదా అని చూసుకోవడం లాంటిది బ్లాక్‌వుడ్. ప్రయాణం పెట్టుకోవాలా వద్దా అన్నది అంతకుముందే తేలి ఉండాలి. పన్నెండు ట్రిక్కులు వస్తాయని నమ్మకం కుదిరాకే, మొదట్లోనే రెండు ఆసులు పోవుగదా అని రూఢి చేసుకోవడానికి అడగాలి. చాలామంది ముందు ఆసులు అడిగి, అన్నీ ఉన్నాయని తెలిశాక ఆ ఉత్సాహంలో ఆరు పాడేస్తారు. రెండో చేతితో అడిగినా ఆసులు మూడు ఉన్నాయనే తేలుతుంది. ఆ స్లామ్ ఏమవుతుందో చూశాం.

ఇంకో గొయ్యి ఉంది. ఇస్పేటు ఆసు, రాజు, రాణి, 7, 5. ఆఠీన్ రాజు, రాణి, జాకీ, 6. డైమన్ ఆసు, 9. కళావరు 7, 4. మీరు ఒక ఇస్పేటు, జోడీ మూడు ఇస్పేట్లు. ఘనమైన చేయి, ట్రిక్కులు కళ్లముందే ఉన్నాయి. నాలుగు నో ట్రంప్ అడిగారు. అయిదు డైమన్లు, ఒక ఆసు. అంటే బయట ఉన్నది ఒక్క ఆసే. అది ఏది? జోడీ దగ్గరున్నది కళావరు ఆసైతే స్లామ్ బంగారం. ఆఠీన్ ఆసైతే ప్రత్యర్థులు కళావరు ఆసు, రాజు వరుసగా వేసి, మీరు ఊపిరి తీసుకునేలోపే ఆట ముగించవచ్చు. ఏదైనా ఒక రంగులో రెండు చిన్న ముక్కలే ఉన్నప్పుడు బ్లాక్‌వుడ్ అడగకూడదని పాతకాపులు పోరేది ఇందుకే.

ఇక్కడ చేయాల్సిన పని ఏ రంగులో అడ్డు ఉందో ఒక్కొక్కటే చెప్పుకోవడం. దీన్ని క్యూబిడ్ అంటారు. ఇటాలియన్లు, ముఖ్యంగా దశాబ్దానికి పైగా ప్రపంచాన్ని ఏలిన వాళ్ల బ్లూ టీమ్, ఈ విద్యను చాలా దూరం తీసుకెళ్లారు. మూడు ఇస్పేట్ల తర్వాత మీరు నాలుగు డైమన్లు అంటారు. కళావర్లు దాటేసి డైమన్లు చెప్పారంటే కళావరులో మీకు అడ్డు లేదని, డైమన్లో ఉందని అర్థం. జోడీకి కళావరు ఆసో, రాజో, ఒంటి ముక్కో ఉంటే పాట ముందుకు సాగిస్తాడు. లేకపోతే నాలుగు ఇస్పేట్లు అని తలుపు వేసేస్తాడు. ప్రశ్నా జవాబూ రెండూ గేమ్ లోపలే ముగిశాయి, ఖర్చేమీ లేదు. అదే అయిదు దాకా వెళ్లి ఆగితే, పది ట్రిక్కులే వచ్చిన రోజున 420 రావాల్సిన చోట మైనస్ 50 వస్తుంది. ఆ తేడా పది ఐఎంపీలు, స్లామ్ ఓడినదానికి ఒక్కటే తక్కువ. అడగడం ఉచితం అనుకునేవాళ్లు ఈ ఖర్చు రాసుకోరు.

గ్రాండ్ స్లామ్ దగ్గర లెక్క మారిపోతుంది. వల్నరబుల్ కానప్పుడు ఏడు ఇస్పేట్లు తెస్తే 1510, ఆరు పాడి పదమూడు తెచ్చినా 1010. రెండో బల్ల వాళ్లు ఆరు పాడారనుకుంటే, గెలిచినప్పుడు మనకు 11 ఐఎంపీలు. ఒక్క ట్రిక్కు తగ్గితే 980కి ఎదురుగా మైనస్ 50, 14 పోతాయి. అంటే 56 శాతం ఉంటేనే గిట్టుబాటు. ఇక్కడిదాకా పెద్ద తేడా లేదు. కానీ రెండో బల్ల వాళ్లు నాలుగు దగ్గరే ఆగిపోయారనుకోండి. ఆరు పాడితేనే మనకు 11 వస్తాయి, ఏడు పాడి తెస్తే 14. అదనంగా మూడంటే మూడు. ఏడు పాడి ఒకటి తగ్గితే 11 రావాల్సింది పోయి 11 పోతాయి, 22 తేడా. మూడు కోసం ఇరవై రెండు ఒడ్డడానికి 88 శాతం నమ్మకం కావాలి. అవతలివాళ్లు స్లామ్ దాకా వస్తారో రారో మనకు తెలియదు కాబట్టి, పదమూడు ట్రిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగితేనే గ్రాండ్ పాడాలన్న పాత సలహా ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఆ సలహాకు పూర్తిగా ఎదురు నిలిచిన ఆట 1975 ప్రపంచ పోటీది. బెర్ముడాలో అమెరికాతో ఫైనల్ చివరికొచ్చింది. ఇటలీ జోడీ బెల్లడోనా, గరోజో ఏడు కళావర్లు పాడారు, తురుపు రాజు తమ దగ్గర లేకుండా. రెండో బల్ల మీద అమెరికన్లు ఆరు నో ట్రంప్‌తో ఆగారు. ఏడు రావాలంటే ఆ రాజు సరైన వైపున ఉండాలి, దాని పక్కన ఇంకొక్క ముక్కే ఉండాలి. సరిగ్గా అలాగే ఉంది. ఇటలీ ఆ ట్రిక్కులన్నీ తెచ్చుకుని కప్పు నిలబెట్టుకుంది, ఒక్కటి తగ్గి ఉంటే అది అమెరికాకు పోయేది. సగం కన్నా ఎంతో తక్కువ అవకాశం ఉన్న పాట అది. గెలిచింది కాబట్టి మంచి పాట కాదు. 68 శాతం ఉన్న చిన్న స్లామ్ పాడి, తురుపులు 4-1గా పడి ఓడినవాడు చేసింది తప్పూ కాదు. ఆట ముగిశాక నలుగురి ముక్కలూ పరిచి వాదించుకునేటప్పుడు చాలా జోడీలు చూసేది స్కోరు కాగితాన్నే, అందుకే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

పై లెక్కలన్నీ జట్ల పోటీవి. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చిన పురుషుల జోడీల విభాగం లాంటి చోట తరచూ తీరు వేరుగా ఉంటుంది. జోడీల పోటీల్లో ఎక్కువగా వాడే పద్ధతిలో, అవే ముక్కలు ఆడిన మిగతా జోడీలందరి కన్నా ఎంత ఎక్కువ అన్నది కాదు, ఎక్కువా తక్కువా అన్నదే లెక్క. ఆరు ఇస్పేట్లకు 980, ఆరు నో ట్రంప్‌కు 990. పది పాయింట్ల తేడాయే అక్కడ బోర్డంతా. అందుకని జోడీల ఆటలో మంచి ఆటగాళ్లు ఒక్కోసారి తురుపు వదిలి నో ట్రంప్‌కు మళ్లుతారు. జట్ల ఆటలో అలా చేయడం అనవసర సాహసం.

స్లామ్ పాడేశాక కూడా ఒక నిర్ణయం మిగలవచ్చు. ముందు ముక్క వేయాల్సినవాడు కాక, రెండో ప్రత్యర్థి డబుల్ అన్నాడు, అంటే పందెం పెంచాడు. అతని దగ్గర బోలెడు పాయింట్లున్నాయని కాదు, మనం ఆరు పాడామంటే అంత మిగిలి ఉండదు. 1929లో థియోడర్ లైట్నర్ ప్రవేశపెట్టిన వాడుక ప్రకారం అది తన జోడీకి సంకేతం: ‘మామూలుగా వేసే ముక్క వేయకు, ఊహించనిది వెయ్యి.’ ఎక్కువసార్లు ఒక రంగు అతని దగ్గర అసలు ఉండదు, అది వస్తే తురుపుతో కొట్టాలని చూస్తుంటాడు. తప్పించుకోవడానికి ఆరు నో ట్రంప్‌కు మారవచ్చు, అక్కడ కొట్టడానికి తురుపే ఉండదు. కానీ మారే ముందు మన పన్నెండులో తురుపుతో వచ్చేవి ఎన్నో చూసుకోవాలి. ఇందాకటి మొదటి చేతుల జంటలో తురుపు తీసేస్తే మిగిలేది పదకొండు, పైగా ప్రత్యర్థులు మొదటి ముక్కగా డైమన్ వేస్తే వరుసగా ఎన్ని లాగుతారో చెప్పలేం. అలాంటి చేతితో డబుల్ విన్నా నోరు మెదపకుండా ఆరు ఇస్పేట్లే ఆడాలి.